ఏపీ 01 నుంచి టీజీ 18 దాకా

నిర్మల్ బస్టాండు ముందు కాసేపు నిలబడి వచ్చీపోయే బండ్ల నంబర్లు చదివితే ఈ ప్రాంతపు ఇటీవలి చరిత్ర వరసగా కనిపిస్తుంది. బాగా పాతబడ్డ స్కూటర్ మీద ఏపీ 01 అని ఉంటుంది. అది ఉమ్మడి రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లా నంబరు. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడ్డాక కొన్న బండి మీద టీఎస్ 01. 2016 అక్టోబరు 11న నిర్మల్ విడి జిల్లా అయ్యాక కొన్నవాటికి టీఎస్ 18. 2024 మార్చి తర్వాత షోరూం గడప దాటినవాటికి టీజీ 18. పదేళ్లలో నాలుగు కోడ్‌లు. టీజీ వచ్చిన రోజున టీఎస్ బండ్లను రోడ్డు పక్కకు తీయమని ఎవరూ అనలేదు. కొత్తగా రిజిస్టరయ్యే బండికి కొత్త అక్షరాలు, పాత బండికి పాతవే చెల్లుతాయని తేల్చారు. అందుకే నాలుగు తరాల నంబర్లూ ఒకే రోడ్డు మీద తిరుగుతున్నాయి.

కోడ్ మారాలి, నడిచే బండి ఆగకూడదు. అమ్మకాలు, ప్రచారం, కొనుగోలుదారుల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్ ప్లాట్‌ఫారాలను ఈ ఐదారేళ్లుగా వేధిస్తున్న చిక్కు కూడా ఇదే. ఆ కంపెనీలు తమ ఏపీఐలను ఏటా మారుస్తున్నాయి. కొన్ని మార్పులు ఎవరికీ తెలియకుండా జరిగిపోతాయి. కొన్నింటి వల్ల ఓ ఉదయం ఎక్కడో ఒక చిన్న దుకాణానికి ఆర్డర్లు రావడం ఆగిపోతుంది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో ఈ అధ్యాయంలో చూద్దాం.

ఏపీఐ అంటే రెండు ప్రోగ్రాముల మధ్య రాతకోతల ఒప్పందం. ఒక ప్రోగ్రాము ఇంకోదాన్ని ఏ మాటలతో అడగాలి, ఏ వివరాలు ఇవ్వాలి, జవాబు ఏ రూపంలో వస్తుంది, తప్పు జరిగితే ఏ సంఖ్య తిరిగి వస్తుంది అన్నవన్నీ అందులో ఉంటాయి. మనిషి అయితే కొంచెం అటూఇటూ చెప్పినా అర్థం చేసుకుంటాడు. యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. ‘ఫోన్’ అని రాయాల్సిన చోట ‘మొబైల్’ అని రాస్తే జవాబు రాదు.

హైదరాబాదులో ఒకామె ఫోన్‌లో నిర్మల్ జింకల జత చూసి ముచ్చటపడి కొన్నదనుకుందాం. బొమ్మ తయారైన పద్ధతి చాలా పాతది. తేలికైన పొనికి కర్రను చెక్కి, ముక్కలు ముక్కలుగా చేసిన కాళ్లూ కొమ్ములూ చెవులూ చింతగింజల జిగురుతో అతికిస్తారు. ఆ జిగురులో చెక్కపొడి కలిపి సందులు పూడుస్తారు. ఆరాక నునుపు చేసి, తెల్లపూత పూసి, పైన రంగులు వేస్తారు. నకాషీ కుటుంబాల చేతుల్లో తరాలుగా బతికిన పని ఇది. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కర్ర నానుతున్నదా ఆరుతున్నదా అన్నది చేతికి తెలియాలి. ఏ ఏపీఐకీ అది తెలియదు.

ఆమె ‘కొను’ అన్న మీట నొక్కాక జరిగేదంతా మాత్రం యంత్రాల సంభాషణే. వెబ్‌సైట్ ఆమె డబ్బు సంగతి పేమెంట్ గేట్‌వేను అడుగుతుంది. అది బ్యాంకును అడుగుతుంది. డబ్బు పడిందన్న కబురు రాగానే సరుకు లెక్కలో ఒక జత తగ్గుతుంది. జీఎస్టీ బిల్లు తయారవుతుంది. పార్సిల్ తీసుకుపొమ్మని కొరియరుకు కబురు వెళుతుంది. ఆమె ఫోన్‌కు ఎస్సెమ్మెస్సో వాట్సాప్ సందేశమో చేరుతుంది. చివరగా ఆమె పేరూ ఊరూ కొన్న వస్తువూ సీఆర్ఎం అనే పట్టికలోకి చేరతాయి. కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్ అన్నదానికి కురచ పేరు అది. దసరాకు ముందు కొత్త బొమ్మలొచ్చాయని ఆమెకు చెప్పాలంటే ఆ పట్టికే ఆధారం. ఈ కబుర్లలో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరి ఏపీఐ మీదుగానే నడుస్తుంది. అవన్నీ వేర్వేరు కంపెనీలవి. ఏదీ ఇంకోదాన్ని అడిగి మారదు.

సీఆర్ఎం పట్టికలను ఇంటర్నెట్ మీద అద్దెకివ్వడం మొదలుపెట్టిన కంపెనీల్లో ముందు వరుసలో ఉన్నది సేల్స్‌ఫోర్స్. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టింది. 2000 ఫిబ్రవరిలో తన సేవలను లోకానికి చూపినప్పుడే ఏపీఐని కూడా వెంట తెచ్చింది. అదే ఏడాది నవంబరులో ఈబే తన ఏపీఐని బయటపెట్టింది. వెబ్ ఏపీఐల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఈ రెండింటితోనే మొదలుపెడతారు. అమ్మకాల పని నుంచే ఈ శాఖ పుట్టిందన్నది గమనించదగ్గ విషయం. ఇప్పుడు సేల్స్‌ఫోర్స్‌కు హైదరాబాదులో పెద్ద కేంద్రం ఉంది. నిర్మల్ జిల్లాలోనే, గోదావరి ఒడ్డున బాసరలో, 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. పదో తరగతి దాటిన పల్లెటూరి పిల్లలు అక్కడ చేరి ఆరేళ్లలో ఇంజినీర్లై బయటికొస్తారు. బొమ్మ చెక్కే చేతులూ, ఆ బొమ్మ అమ్మకాన్ని నడిపే కోడ్ రాయగల చేతులూ ఒకే జిల్లాలో ఉన్నాయి.

ఏపీఐలో మార్పులు రెండు రకాలు. కొత్త వివరం చేర్చడం ఒకటి. ఉన్న వివరాన్ని తీసేయడం, పేరు మార్చడం, అర్థం మార్చడం ఇంకొకటి. మొదటిది సాధారణంగా ఎవరికీ హాని చేయదు. అడగని వివరం వచ్చినా పాత ప్రోగ్రాము దాన్ని వదిలేసి తన పని చేసుకుంటుంది. రెండోదే బండిని ఆపేది. అయితే మొదటి రకంలోనూ పూర్తి భరోసా లేదు. గూగుల్‌లో పనిచేసిన హైరమ్ రైట్ అనే ఇంజినీరు పేరు మీద ఒక సూత్రం చలామణిలో ఉంది. వాడేవాళ్ల సంఖ్య బాగా పెరిగితే, ఒప్పందంలో రాసినదాని మీదే కాదు, రాయని ప్రతి అలవాటు మీదా ఎవరో ఒకరు ఆధారపడి ఉంటారని దాని సారం. జాబితాలో పేర్లు ఎప్పుడూ అక్షరక్రమంలో వస్తున్నాయి కదా అని ఒకరు ఆ వరసను నమ్ముకుని ప్రోగ్రాము రాస్తారు. వరస ఇస్తామని కంపెనీ ఎన్నడూ మాటివ్వలేదు. ఒకనాడు వరస మారుతుంది. తప్పెవరిదో తేల్చడం కష్టం.

పేరు మార్పు ఎంత దూరం తాకుతుందో చూడాలంటే తెలంగాణ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. దేశాల్లోని రాష్ట్రాలకు, ప్రాంతాలకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఇచ్చే కోడ్‌ల పట్టిక ఒకటుంది. దాని సంఖ్య 3166-2. ఇంటర్నెట్ మీద చిరునామా రాసే పెట్టెల్లో కనిపించే రాష్ట్రాల జాబితాలు చాలావరకు దాని నుంచి వచ్చినవే. అందులో తెలంగాణకు మొదట ఐఎన్-టీజీ అనే కోడ్ ఉండేది. రాష్ట్రంలో వాడుక టీఎస్ కాబట్టి 2023 నవంబరులో దాన్ని ఐఎన్-టీఎస్‌గా మార్చారు. నాలుగు నెలలు తిరగకముందే, 2024 మార్చిలో, రాష్ట్రమే టీజీకి మారింది. ఆ నాలుగు నెలల్లో పట్టికను చూసి కోడ్ సరిదిద్దుకున్న ప్రోగ్రామర్లు ఎక్కడి టీజీని తీసేశారో అక్కడికే టీజీ తిరిగి వచ్చింది. జీఎస్టీలో మాత్రం తెలంగాణ సంఖ్య 36. అక్షరాలు ఎటు మారినా ఆ 36 కదల్లేదు. గుర్తింపు సంఖ్యను పేరు నుంచి విడిగా ఉంచినవాళ్లు ఈ గందరగోళం నుంచి తప్పించుకున్నారు.

జిల్లా విషయంలోనూ ఇదే జరిగింది. 2015లో నిర్మల్‌వాసి ఎవరైనా ఏదైనా కొని ఉంటే దుకాణం సీఆర్ఎం పట్టికలో జిల్లా ఆదిలాబాద్ అని పడి ఉంటుంది. 2017లో కొంటే నిర్మల్ అని పడుతుంది. ఇంటి గుమ్మం ఒకటే. పిన్‌కోడ్ 504106 కూడా ఒకటే. ఇప్పుడు ‘జిల్లా నిర్మల్’ అని వడకట్టి సందేశం పంపే దుకాణదారుడికి పాత కొనుగోలుదారులు జాబితాలోనే కనిపించరు. తప్పు జరిగినట్టు ఏ గంటా మోగదు. ఏ ఎర్ర అక్షరమూ కనిపించదు. కొందరికి కబురు అందదు, అంతే. ఇలాంటి చప్పుడు చేయని నష్టాలే ప్రమాదకరమైనవి.

ఇక పాత వెర్షన్ల విరమణ సంగతి. సేల్స్‌ఫోర్స్ ఏడాదికి మూడుసార్లు కొత్త వెర్షన్ తెస్తుంది. ప్రతి వెర్షన్‌ను కనీసం మూడేళ్లు నడుపుతామన్నది దాని మాట. ఆచరణలో చాలా ఎక్కువే నడిపింది. 7 నుంచి 20 దాకా వెర్షన్లను 2022 వేసవిలో మూసేసింది. 21 నుంచి 30 దాకా ఉన్నవాటిని మొదట 2023లో మూస్తామంది. వాడేవాళ్లు ఇంకా మిగిలి ఉండటంతో గడువును 2025 వేసవికి జరిపింది. 30వ వెర్షన్ విడుదలైంది 2014 తొలి నెలల్లో, అంటే తెలంగాణ ఏర్పడిన ఏడాదే. పదకొండేళ్లు నడిచింది. గడువు దాటాక ఆ తలుపు తడితే 410 అనే సంఖ్య తిరిగి వస్తుంది. వెబ్ భాషలో 404 అంటే ‘కనపడలేదు’. 410 అంటే ‘ఒకప్పుడు ఉండేది, ఇక లేదు, మళ్లీ అడగొద్దు’. రెండింటి మధ్య తేడా తెలిసిన ప్రోగ్రామర్ అనవసరంగా వెతుక్కుంటూ కూర్చోడు.

హబ్‌స్పాట్ కథ వేరు. అమెరికాలో 2006లో మొదలైన ఈ కంపెనీది ప్రచారమూ అమ్మకాలూ కలిపి చూసుకునే ప్లాట్‌ఫారం. దాని ఏపీఐకి చాలాకాలం ఒకే తాళంచెవి ఉండేది. పొడవాటి అక్షరాల వరస అది. ప్రతి అభ్యర్థనలో వెబ్ చిరునామా చివరనే తగిలించి పంపేవాళ్లు. రాయడానికి సులువు. కానీ వెబ్ చిరునామాలు దారిలో చాలాచోట్ల నమోదవుతాయి. సర్వర్ చిట్టాల్లో మిగిలిపోతాయి. ఎవరికైనా ఆ వరస దొరికితే ఖాతా మొత్తం తెరుచుకుంటుంది. అందుకే 2022 నవంబరు 30 నుంచి ఆ తాళంచెవులు చెల్లవని కంపెనీ ప్రకటించింది. వాటి స్థానంలో టోకెన్లు తెచ్చింది. టోకెన్ చిరునామాలో కనపడదు, అభ్యర్థన తలభాగంలో విడిగా వెళుతుంది. పైగా దాని హద్దులు ముందే రాసి ఉంటాయి. పేర్లు చదవడానికి మాత్రమే ఇచ్చిన టోకెన్‌తో పేర్లు చెరపడం కుదరదు. ఈ మార్పు వల్ల బోలెడు పాత ప్రోగ్రాములను తిరగరాయాల్సి వచ్చింది. అయినా ఇది జరిగి తీరాల్సిన మార్పు. కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు ఉన్న పట్టికకు ఒకే తాళంచెవి పెట్టడం అన్యాయం. ఆ నంబర్లు కంపెనీ సొత్తు కాదు, మనుషులవి.

అమెజాన్‌లో సరుకు పెట్టే వ్యాపారులు వాడుకున్న ఎండబ్ల్యూఎస్ అనే పాత ఏపీఐ 2024 మార్చి 31తో ముగిసింది. దాని బదులు వచ్చిన కొత్తది 2020 నుంచే అందుబాటులో ఉంది. ఆన్‌లైన్ దుకాణాల ప్లాట్‌ఫారం షాపిఫై 2019 నుంచి మూడు నెలలకొక వెర్షన్ తెస్తూ, సంవత్సరం, నెల కలిపి దానికి పేరు పెడుతోంది. ఒక్కోదాన్ని కనీసం ఏడాది నడుపుతుంది. చెల్లింపుల కంపెనీ స్ట్రైప్ అంతకన్నా ముందే తేదీని వెర్షన్ పేరుగా వాడింది. హబ్‌స్పాట్ కూడా ఇప్పుడు ఆ పద్ధతికే మళ్లుతోంది. తేదీ పేరుతో ఒక మేలుంది. ‘మూడో వెర్షన్’ అంటే వయసు తెలియదు. 2024-10 అని ఉంటే చూడగానే లెక్క కట్టుకోవచ్చు.

వాట్సాప్ విషయానికొస్తే మన పల్లెలకూ పట్టణాలకూ ఇది మరింత దగ్గరి సంగతి. వ్యాపారాల కోసం వాట్సాప్ ఏపీఐ 2018 ఆగస్టులో వచ్చింది. మొదట్లో వాడదలచుకున్నవాళ్లు తమ సొంత సర్వర్ మీద దాన్ని నడుపుకోవాలి, లేదా మధ్యవర్తి కంపెనీని పెట్టుకోవాలి. 2022 మేలో వాట్సాప్ సొంతదారు మెటా తన సర్వర్ల మీదే నడిచే క్లౌడ్ ఏపీఐని అందరికీ తెరిచింది. సొంత సర్వర్ పద్ధతికి 2025 అక్టోబరును చివరి గడువుగా పెట్టింది. అదే ఏడాది జూలై 1 నుంచి ధర లెక్క కూడా మారింది. అంతవరకు ఇరవై నాలుగు గంటల సంభాషణకు ఒక ధర. ఆ తర్వాత వ్యాపారి పంపే ఒక్కొక్క టెంప్లేట్ (మూస) సందేశానికి విడిగా ధర. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకపోయినా దుకాణం బిల్లు మారిపోయే అప్‌డేట్ ఇది. ఏపీఐ మార్పులను సాంకేతిక విషయంగా మాత్రమే చూడకూడదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పొరుగు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ పేరిట వాట్సాప్ పాలన మొదలుపెట్టింది. ప్రభుత్వ సేవ ఒక ప్రైవేటు కంపెనీ ఏపీఐ మీద నిలిచినప్పుడు, ఆ కంపెనీ ఇచ్చే ప్రతి గడువు తేదీ పౌరుల గడువు తేదీ కూడా అవుతుంది.

గడువు సరిగా పాటించకపోతే ఏమవుతుందో దేశం మొత్తం 2021 మార్చి 8న చూసింది.

అనవసరపు ప్రచార సందేశాలను అరికట్టడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పెద్ద ఎత్తున ఎస్సెమ్మెస్‌లు పంపే ప్రతి సంస్థా తన పేరును, పంపే శీర్షికను, సందేశపు మూసను ముందుగా నమోదు చేసుకోవాలి. నమోదు పుస్తకాన్ని డీఎల్‌టీ అంటారు. అది ఒకరి దగ్గరే కాక టెలికాం కంపెనీలన్నిటి దగ్గరా ఉండే ఉమ్మడి చిట్టా. మూసలో మారే భాగం ఉన్నచోట ఒక ఖాళీ గుర్తు పెట్టాలి. పేరో, ఆర్డరు సంఖ్యో, ఓటీపీయో అందులో కూర్చుంటుంది. పంపిన సందేశం మూసతో సరిపోలితేనే ముందుకు పోతుంది, లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ఆ పోలిక చూడటాన్ని మార్చి 8న నిజంగా అమల్లో పెట్టారు. చాలా సంస్థల మూసలు నమోదే కాలేదు. నమోదైనవాటిలో కొన్ని అసలు సందేశంతో అక్షరం అక్షరం కలవలేదు. ఓటీపీలు ఆగిపోయాయి. బ్యాంకు లావాదేవీలు, రైలు టికెట్లు, అప్పుడే అరవై దాటినవాళ్లకు మొదలైన కోవిన్ టీకా నమోదు అన్నీ తడబడ్డాయి. మర్నాడే ట్రాయ్ ఆ తనిఖీని ఏడు రోజులు ఆపించింది. నిబంధన మంచిదే. గడువూ చాలా ముందే ఇచ్చారు. లోపించింది మధ్యలో ఉండాల్సిన మెట్టు. ‘ఇదే ఈరోజు అమల్లో ఉంటే మీ సందేశం ఆగిపోయేది’ అని హెచ్చరించి, సందేశాన్ని మాత్రం పోనిచ్చే కొన్నాళ్ల దశ ఉండి ఉంటే ఆ గందరగోళంలో చాలా భాగం తప్పేది.

ఆ తర్వాతి మార్పులు ఇంకొంత నెమ్మదిగా వచ్చాయి. 2024 అక్టోబరు నుంచి ముందుగా నమోదు చేయని వెబ్ లింకు ఉన్న సందేశాలను ఆపుతున్నారు. 2025 నుంచి శీర్షిక చివర ఒక అక్షరం చేరింది. పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సేవ, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. ఫోన్‌కు వచ్చిన సందేశం చివరి అక్షరం చూసి అది అమ్మకపు మాటో కాదో ఎవరైనా తెలుసుకోవచ్చు. తెలుగు చదువరులందరికీ ఉపయోగపడే చిన్న విద్య ఇది.

ఎస్సెమ్మెస్‌లో తెలుగుకు ఒక ప్రత్యేకమైన ఇరుకుంది. ఒక ఎస్సెమ్మెస్ బరువు 140 బైట్లు. ఇంగ్లిషు అక్షరానికి ఏడు బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు ఒక్కో యూనికోడ్ గుర్తుకు రెండేసి బైట్లు కావాలి కాబట్టి 70 గుర్తులే పడతాయి. పైగా మనం ఒక అక్షరంగా చదివేది యంత్రానికి ఒకటి కాదు. ‘నిర్మల్’ అన్న మాటలో చదువరికి ని, ర్మ, ల్ అని మూడే కనిపిస్తాయి. యంత్రానికి న, గుడి, ర, పొల్లు, మ, ల, పొల్లు అని ఏడు. ‘మీ నిర్మల్ జింకల జత పార్సిల్ బయలుదేరింది’ అన్న వాక్యం ఖాళీలతో కలిపి 40 గుర్తులు. ఒక ఖాళీ విడిచి 13 అక్షరాల స్పీడ్ పోస్ట్ సంఖ్య చేరిస్తే 54. దుకాణం పేరుకు మిగిలేది పదహారు. 70 దాటితే సందేశం రెండు ముక్కలవుతుంది. ముక్కలను అతికించే సమాచారానికి కొంత చోటు పోయి ఒక్కోదానికి 67 గుర్తులే మిగులుతాయి. ఖర్చు రెండు సందేశాలది. ఈ లెక్క తెలియక చాలామంది వ్యాపారులు తెలుగు మానేసి ఇంగ్లిషు లిపిలో సందేశాలు పంపుతున్నారు. లెక్క తెలిసి మాటలు కుదించి రాస్తే తెలుగు హాయిగా ఇముడుతుంది. ఇది కష్టపడి సాధించుకోవలసిన పనే, వదులుకోవలసింది కాదు.

ఇంతవరకు చూసినవన్నీ ఒక కంపెనీ ఇంట్లో జరిగే మార్పులు. ఎవరి ఇల్లూ కాని చోట ఏపీఐ ఎలా మారుతుంది? భారత ప్రభుత్వ చొరవతో 2021 డిసెంబరు 31న ఏర్పడిన బహిరంగ వ్యాపార నెట్‌వర్క్ ఓఎన్‌డీసీ ఇందుకు ఉదాహరణ. దాని ఆధారం బెక్‌న్ అనే బహిరంగ ప్రోటోకాల్. కొనేవాడు ఒక యాప్‌లో, అమ్మేవాడు ఇంకో యాప్‌లో ఉన్నా బేరం కుదరాలన్నది ఉద్దేశం. అందులో కొనుగోలు యాప్ ‘సెర్చ్’ అని అడుగుతుంది. అవతలివైపు వెంటనే ‘అందింది’ అని మాత్రం చెబుతుంది. సరుకుల జాబితా కొంత ఆగి ‘ఆన్ సెర్చ్’ అనే విడి కబురుగా తిరిగి వస్తుంది. ఎంపిక, చిరునామా, ఖరారు, పార్సిల్ స్థితి అన్నీ ఇలా జంట కబుర్లుగానే నడుస్తాయి. ప్రతి కబురు మీదా పంపినవారి డిజిటల్ సంతకం ఉంటుంది. ఎక్కడి సరుకు అన్నది చెప్పడానికి వాడే కోడ్ పాత టెలిఫోను రోజుల ఎస్టీడీ కోడ్. బెంగళూరుకు 080, నిర్మల్‌కు 08734. ల్యాండ్‌లైన్లు దాదాపు కనుమరుగైనా వాటి కోడ్ కొత్త సంతలో కొత్త పని చేస్తోంది.

ఓఎన్‌డీసీ వెర్షన్లలో కూడా బండి ఆపే మార్పులు వచ్చాయి. మొదట్లో చిల్లర వ్యాపారం మొత్తానికి ఒకే కోడ్ ఉండేది. 2004 నాటి జాతీయ పరిశ్రమల వర్గీకరణ నుంచి తీసుకున్న అంకెలు అవి. 1.2 వెర్షన్‌లో దాన్ని తీసేసి కిరాణాకు ఒకటి, దుస్తులకు ఒకటి అంటూ వర్గాలవారీగా కొత్త కోడ్‌లు పెట్టారు. వెతుకులాట మెరుగుపడింది. కానీ పాత కోడ్‌తో అడిగేవాళ్లకూ కొత్త కోడ్‌తో జవాబిచ్చేవాళ్లకూ మధ్య మాట కలవదు. ఒక కంపెనీ అయితే రెండు వెర్షన్లనూ తన సర్వర్ మీద పక్కపక్కన నడపగలదు. బహిరంగ నెట్‌వర్క్‌లో ఆ పని అందరూ కలిసి చేయాలి. పెద్ద యాప్‌కు యాభైమంది ఇంజినీర్లుండవచ్చు. చిన్న ఊరి సహకార సంఘానికి ప్రోగ్రాము రాసిపెట్టిన వ్యక్తి ఒక్కడే ఉండవచ్చు, అతను ఈపాటికి వేరే ఉద్యోగంలో చేరి ఉండవచ్చు. వెర్షన్ మార్పు ఖర్చు అందరికీ సమానంగా కనిపిస్తుంది, పడేది మాత్రం సమానంగా కాదు. మార్చేవాళ్లు ఈ సంగతిని లెక్కలో పెట్టుకోవాలి.

జింకల జతను మోసుకెళ్లే తపాలా శాఖలోనూ ఇదే కాలంలో మార్పులొచ్చాయి. 2025లో రిజిస్టర్డ్ పోస్ట్‌ను స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. ‘రిజిస్టర్డ్’ అన్న పాత ఎంపికను చూపిస్తున్న దుకాణం సాఫ్ట్‌వేర్లు దాన్ని తొలగించుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది మేలో తపాలా శాఖ డిజిపిన్ అనే కొత్త చిరునామా పద్ధతిని తెచ్చింది. దాని తయారీలో ఐఐటీ హైదరాబాద్, ఇస్రోవారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం పాలుపంచుకున్నాయి. రెండూ తెలంగాణలోనివే. దేశాన్ని కప్పే ఒక పెద్ద చతురస్రాన్ని నాలుగు నిలువులు, నాలుగు అడ్డాలుగా పదహారు గళ్లు చేస్తారు. ప్రతి గడికీ ఒక గుర్తు. ఆ గడిని మళ్లీ పదహారు, దాన్ని మళ్లీ పదహారు. ఇలా పదిసార్లు చేసేసరికి గడి వైపు సుమారు నాలుగు మీటర్లకు దిగుతుంది. మొత్తం గళ్లు లక్షా పదివేల కోట్లకు దగ్గర. పది గుర్తులతో ఏ గుమ్మాన్నయినా చెప్పవచ్చు. జిల్లా పేరు మారినా, రాష్ట్రం అక్షరాలు మారినా ఆ పది గుర్తులూ మారవు. పిన్‌కోడ్ 504106ను తీసేయకుండా దాని పక్కన దీన్ని చేర్చారు కాబట్టి పాత సాఫ్ట్‌వేర్ ఏదీ ఆగలేదు.

ఏపీఐ మూతపడబోతోందన్న సంగతిని యంత్రాలే ఒకదానికొకటి చెప్పుకునే ఏర్పాటు కూడా ఇప్పుడుంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 2019 మేలో ‘సన్‌సెట్’ అనే తలభాగపు వరసను ప్రతిపాదించారు. సర్వర్ ప్రతి జవాబుతో పాటు ‘ఫలానా తేదీ తర్వాత నేను ఇక్కడ ఉండను’ అని జతచేయవచ్చు. 2025 మార్చిలో దానికి తోడుగా ‘డిప్రికేషన్’ అనే మరో వరస ప్రమాణంగా వచ్చింది. ‘ఇది ఇంకా పనిచేస్తోంది, కానీ కొత్తగా వాడటం మొదలుపెట్టకండి’ అని దాని అర్థం. ఈమెయిల్‌లో వచ్చిన నోటీసు ఎవరి ఇన్‌బాక్సులోనో మునిగిపోవచ్చు. జవాబుతో పాటే వచ్చే నోటీసును ప్రోగ్రాము చదివి, దుకాణం తెర మీద తెలుగులో ‘ఇంకా నలభై రోజులే’ అని చూపించగలదు. దీనికి పెద్ద సాంకేతిక విద్య అక్కర్లేదు. బాసరలో మూడో ఏడు చదివే విద్యార్థి రాయగలిగిన కోడే.

రాబోతున్న పెద్ద మార్పుకు తేదీ ఇప్పటికే తెలుసు. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా. దాని ప్రకారం ఒకరి ఫోన్ నంబరును ప్రచారానికి వాడాలంటే వాళ్ల అనుమతి కావాలి. ఎందుకు అడుగుతున్నారో స్పష్టంగా చెప్పాలి. ఆ నోటీసును ఇంగ్లిషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలుండాలి. తెలుగు ఆ జాబితాలో ఉంది. అనుమతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలి. సీఆర్ఎం పట్టికలో ఇప్పటిదాకా పేరు, నంబరు, ఊరు ఉంటే సరిపోయేది. ఇకమీదట ఏ రోజు, ఏ పనికోసం, ఏ మాటలు చదివి అనుమతి ఇచ్చారో కూడా అదే వరసలో ఉండాలి. ‘వద్దు’ అన్న మాట ఒక్కచోట నొక్కితే ఎస్సెమ్మెస్ పంపే కంపెనీకీ, వాట్సాప్ పంపే మధ్యవర్తికీ, ఈమెయిల్ పంపే ప్లాట్‌ఫారానికీ వెంటనే చేరాలి. అన్ని ఏపీఐల్లోనూ అందుకు తగిన చోటు కల్పించే పనికి 2027 మే దాకానే సమయం ఉంది.